ఆటకట్టు వెదకు యంత్రముల వేగపరీక్ష



చదరంగము మన దేశమున జనించి, పారసీకదేశమునకును, అటుపై అరబ్బు దేశములకును, ఐరోపాఖండమునకును ప్రాకిన ఆట. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు అను పేర్లు మీకందఱకును తెలిసినవే. కావున ఆట నియమములను నేనిచట వివరింపను. నేటి ప్రసంగమునకు విషయము ఆట కాదు. ఆటనుండి పుట్టిన యొక విద్య. దానికి చదరంగపు సమస్య యని పేరు. ఆ సమస్యలను నేడు మనుష్యులే కాక కంప్యూటరులును విప్పుచున్నవి. కంప్యూటరునకు పని నేర్పు ఆజ్ఞల వరుసను ప్రోగ్రాము అందురు. ఏ ప్రోగ్రాము కఠినమైన సమస్యను ఎంత శీఘ్రముగా విప్పగలదో పరీక్షించువారు దేశదేశములందు గలరు. ఆ పరీక్ష ఎట్లు జరుగును, దానిలో మోసపోవుటకు ఎచ్చటెచ్చట తావు గలదు, దానినుండి మనము గ్రహింపవలసినదేమి అను మూడు సంగతులను మనవి చేసెదను.

మొదట సమస్య యననేమో చెప్పవలెను. అవధానసభలలో సమస్యాపూరణమును మీరు వినియుందురు. పృచ్ఛకుడు పద్యములో ఒక పాదమిచ్చును. అవధాని తక్కిన మూడు పాదములను పూరించును. ఒకే సమస్యను నలుగురు కవులు నాలుగు విధముల పూరింపవచ్చును. నాలుగును మెప్పు పొందవచ్చును. చదరంగపు సమస్య అట్టిది కాదు. బల్లపై పావులను ఒక విధముగా అమర్చి, “తెల్లవారు ముందుగా ఆడి మూడెత్తులలో ఆటకట్టవలెను” అని నిబంధన చేయుదురు. నల్లవారు ఏ ఎత్తు వేసి తప్పించుకొన జూచినను తెల్లవారి మూడవ ఎత్తునకు ఆటకట్టు జరిగి తీరవలెను. ఆ నిబంధనను నెఱవేర్చు మొదటి ఎత్తు ఒక్కటియే యుండవలెను. రెండు కనబడినచో సమస్య చెడినదని దానిని త్రోసివేయుదురు.

ఈ విద్య ప్రాచీనమైనది. అరబ్బులు, పారసీకులు ఇట్టి సమస్యలకు మన్సూబాలని పేరు పెట్టి గ్రంథములలో చేర్చిరి. వానిలో దిలారాము సమస్య మిక్కిలి ప్రసిద్ధము. జూదమున ధర్మరాజు ద్రౌపదిని ఒడ్డినట్లే, ఒక ప్రభువు చదరంగమున తన భార్యయగు దిలారామును ఒడ్డి ఓడిపోవు స్థితికి వచ్చెనట. తెర వెనుకనుండి చూచుచున్న ఆమె, “ఏనుగులు రెంటిని బలి యిమ్ము, నన్ను కాపాడుకొనుము” అని సూచించెనట. ఇది కథయే కావచ్చును; సమస్య మాత్రము నిజముగా నున్నది. మన దేశమున తిరువేంగడాచార్యశాస్త్రి యను పండితుడు చదరంగపు క్లిష్టస్థితులను సంస్కృతమున గూర్చి వ్రాయగా, దాని ఆంగ్లానువాదము 1814లో బొంబాయిలో అచ్చయ్యెను. 1845లో ఢిల్లీనుండి లవ్డే అను ఆంగ్ల మతగురువు, శాగిర్దు, అనగా శిష్యుడు, అను మాఱుపేరుతో లండను పత్రిక కొక సమస్యను పంపెను. నాలుగెత్తులలో ఆటకట్టవలసిన ఆ సమస్య ఐరోపాలో గొప్ప సంచలనము కలిగించెను. నేటికిని దానిని భారతీయ సమస్య యనియే పిలుచుదురు. ఈ రెండు సమస్యలను, అనగా దిలారాము సమస్యను భారతీయ సమస్యను, జ్ఞాపకముంచుకొనుడు. మరల వానితో పని గలదు.

ఇక యంత్రముల సంగతి. స్పెయిను దేశపు శిల్పజ్ఞుడు టోరెస్ కెవెడో 1912లో విద్యుచ్ఛక్తితో నడచు యంత్రమొకటి నిర్మించి 1914లో పారిసులో ప్రదర్శించెను. అది రాజు, ఏనుగు గల పక్షమున ఆడి, ఒంటరిగా మిగిలిన ఎదిరి రాజును తప్పక కట్టివేయుచుండెను. కాని దానికి తెలిసినది ఆ ఒక్క పాఠమే. అదియైనను అన్ని వేళల అతిస్వల్పమైన ఎత్తులలో చేయునది కాదు. తరువాత 1951లో ఇంగ్లాండునందలి మాంచెస్టరులో ప్రిన్జ్ అను శాస్త్రజ్ఞుడు అక్కడి కంప్యూటరునకు రెండెత్తుల ఆటకట్టు సమస్యలు విప్పుట నేర్పెను. అది ఒక చిన్న సమస్యను విప్పుటకు దాదాపు 15 నిమిషములు పట్టెను. బంటు మంత్రియగుట, కోట కట్టుట మొదలగు నియమములను ఆ యంత్రము మోయలేకపోయెను. ఆ 15 నిమిషములే ఈ వేగపరీక్షల చరిత్రలో తొలి అంకె యని చెప్పవచ్చును.

యంత్రము ఎట్లు వెదకునో తెలియుటకు చిన్న ఉదాహరణము చెప్పెదను. మీ ఎదుట బల్లను పెట్టుకొని, లేదా మనసులో ఊహించుకొని వినుడు. తెల్లవారు క్రిందివైపున కూర్చున్నారు. నల్లరాజు ఒంటరిగా పైవరుసలో కుడిమూల గడిలో నున్నాడు. అచ్చటనుండి ఐమూలగా క్రిందికి రెండు గళ్ళు దిగి వచ్చినచో తెల్లరాజు ఉన్న గడి చేరుదుము. తెల్లవారికి మఱియొక పావు ఏనుగు. అది అన్నిటికంటె క్రిందివరుసలో కుడినుండి రెండవ గడిలో నున్నది. తెల్లవారు ముందుగా ఆడి రెండెత్తులలో ఆటకట్టవలెను.

మనవంటివారికి మొదట తోచునది ఏనుగును కుడిమూలకు జరిపి రాజుపై దాడి చేయుట. అట్లు చేసినచో నల్లరాజు ఎడమకు ఒక గడి జరిగి తప్పించుకొనును. రెండవ ఎత్తునకు ఆట కట్టదు. ఏనుగును నిలువున పైకి నడిపి పైనుండి రెండవ వరుసలో నిలుపుదమా? అప్పుడు నల్లరాజుపై దాడియు లేదు, కదలుటకు గడియు లేదు. నియమము ప్రకారము ఆట సమమగును, చేతికందిన గెలుపు జాఱిపోవును. సరియైన ఎత్తు ఏదన, తెల్లరాజు నిలువుగా పైకి ఒక అడుగు వేయుట. అది దాడి కాదు, బెదిరింపువలెను కనబడదు. కాని దానితో నల్లరాజునకు ఒక్కటే గడి మిగులును, అది తనకు నేరుగా క్రింది గడి. అతడు అచ్చటికి దిగక తప్పదు. దిగగానే ఏనుగు కుడిమూలకు జరుగును, ఆటకట్టు. ఆ స్థితిలో తెల్లవారికి మొత్తము 21 ఎత్తులు సాధ్యము. వానిలో 20 నిష్ప్రయోజనములు. ఒక్కటే సమస్యను విప్పునది.

ఇందు రెండు పనులున్నవని గమనింపుడు. తెల్లరాజు అడుగును కనిపెట్టుట మొదటి పని. నల్లవారికి వేఱు దారి లేదని చూపుట రెండవ పని. మొదటిదానిని అన్వేషణ యనుడు. రెండవదానిని నిరూపణ యనుడు. మన వంతు వచ్చినప్పుడు మనకొక్క మంచి ఎత్తు చాలును. ఎదిరి వంతు వచ్చినప్పుడు అతని ప్రతి ఎత్తుకును మన యొద్ద ప్రత్యుత్తర ముండవలెను. ఒక్క తూము మూయుట మఱచినను చెఱువు నిలువనట్లు, ఒక్క ప్రత్యుత్తరము లోపించినను ఆటకట్టు నిలువదు.

ఈ ఉదాహరణములో మూడే పావులు గలవు. పావులు నిండుగా నున్న బల్లపై ఒక్కొక్క వంతునకు సుమారు 35 ఎత్తులు సాధ్యమని లెక్కవేయుదురు. ఒకటొకటిగా అన్నిటిని చూచుట యెంత పనియో గుణించి చూతము. రెండెత్తుల సమస్యలో తెల్ల, నల్ల, తెల్ల అని మూడు వంతులు. 35ను మూడుమాఱులు గుణించినచో 42,875 వరుసలగును. మూడెత్తుల సమస్యలో ఐదు వంతులు. 5 కోట్ల 25 లక్షలకు పైబడును. నాలుగెత్తులయందు ఏడు వంతులు. 6,433 కోట్లకు మించును. సెకనునకు 10 లక్షల వరుసలు చూచు యంత్రమున్నదనుకొనుడు. దానికి మూడెత్తుల సమస్య ఒక నిమిషములోపల తీరును. నాలుగెత్తులకు దాదాపు 18 గంటలు పట్టును. ఐదెత్తులకు దాదాపు రెండున్నర సంవత్సరములు! ఒక్క ఎత్తు పెరిగినంతనే శ్రమ వేయి రెట్లకు మించి పెరుగుచున్నది. యంత్రమునకు పదిరెట్ల బలమిచ్చినను ఈ పెరుగుదల నెదుర్కొనజాలదు. కావున వేగము కేవలము యంత్రబలమున లేదు. చూడనక్కఱలేని దారిని ముందుగనే విడుచు ఉపాయమున గలదు.

ఉపాయమువలన కలుగు లాభమెట్టిదో చూడుడు. నాలుగెత్తుల సమస్యలో తెల్లవారి సరియైన ఎత్తు ప్రతిమాఱును మొదటనే తట్టినదనుకొందము. అప్పుడు నిరూపణకై నల్లవారి మూడు వంతులను మాత్రమే పూర్తిగా చూడవలెను. 35ను మూడుమాఱులు గుణింపగా వచ్చునది ఆ 42,875 మాత్రమే. 6,433 కోట్లెక్కడ, 43 వేలెక్కడ! కావున ఏ ఎత్తును ముందు చూడవలెనో తెలిసిన ప్రోగ్రాము వేగవంతమైనది; తెలియనిది మందమైనది. ఈ తెలివిని కూర్చుట యందే ప్రోగ్రాములకు భేదము.

ఆ భేదమునుబట్టి ప్రోగ్రాములు రెండు జాతులు. మొదటి జాతి ఆటలో గెలుచుటకై రచింపబడినది. 1997లో ప్రపంచ విజేత కాస్పరోవును ఓడించిన డీప్ బ్లూ అను యంత్రము ఈ జాతిదే. అది సెకనునకు 20 కోట్ల స్థితులను చూచుచుండెను. 2008లో మొదట వెలువడి, ఎవరైనను ఉచితముగా పొందదగినదై, దేశదేశముల వారిచే నేటికిని సంస్కరింపబడుచున్న స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రామును ఈ జాతిదే. రెండవ జాతి సమస్యలను విప్పుటకు మాత్రమే రచింపబడినది. జర్మనీ దేశీయుడగు హైనర్ మార్క్సెన్ రచించిన చెస్ట్, సమస్యాకర్తలు పరీక్షకై వాడు పొపాయ్ మొదలగునవి ఇట్టివి. ఇవి పూర్తి ఆట ఆడుటకై పుట్టినవి కావు. నాలుగెత్తులలో ఆటకట్టు కలదా లేదా యని యడిగినచో పూర్తిగా చూచి తీర్పు చెప్పును.

ప్రపంచ విజేతను మించిన ఆటగాడు ఒక పుస్తకపు సమస్య దగ్గఱ తడబడునా యని మీరడుగవచ్చును. తడబడును, దానికి కారణము అతని నేర్పే. ఆట ఆడు ప్రోగ్రాము గడియారముతో పోరాడును. అందుచేత లాభము లేనట్లు కనబడు దారులను తొందరగా కత్తిరించును. మంత్రిని ఊరక పోగొట్టుకొను ఎత్తు, రాజునకు దాడి కాని నిశ్శబ్దపు ఎత్తు, వెనుకకు మరలు ఎత్తు, వీనిని కడపట చూచును, లేదా పైపైన చూచి వదలును. నిజమైన ఆటలో నూటికి తొంబదిపాళ్ళకు పైగా అది మంచి పద్ధతియే. కాని సమస్యాకర్త దాచిపెట్టునది సరిగా ఆ దారులలోనే. అందఱును తొక్కు దారిలో నిధి పాతిపెట్టువాడెవడు?

ఇంకొక కత్తిరింపు గలదు. ప్రోగ్రాము తనలో తానిట్లు తర్కించుకొనును: “నల్లవాడు తన వంతును వదలుకొని ఊరకున్నను అతని స్థితి బాగుగనే యున్నది; నిజముగా ఎత్తు వేసినచో ఇంకను బాగుగనే యుండును; కావున ఈ దారిలో తెల్లవానికి గెలుపు లేదు, విడిచెదను.” ఈ తర్కము సాధారణముగా సత్యము. కాని మనము చూచిన ఉదాహరణమును స్మరింపుడు. తెల్లరాజు అడుగు వేసిన పిమ్మట నల్లరాజు ఊరకుండగలిగినచో, ఆ క్షణమున అతనికి భయము లేదు. అతనికి చేటు తెచ్చినది తన వంతు వచ్చుటయే, కదలక తప్పకపోవుటయే. ఇట్టి ఇరకాటము గల స్థితులలో పై తర్కము తలక్రిందులగును. దానిని నమ్మిన ప్రోగ్రాము కన్నుల ఎదుటనున్న ఆటకట్టును చాలసేపు కానకుండును. ఈ లోపము తెలిసిన రచయితలు పావులు తక్కువైనప్పుడు ఆ కత్తిరింపును మానునట్లు జాగ్రత్తలు చేర్చిరి. పావులు నిండుగా నున్న సమస్యలలో చిక్కు మిగిలియే యున్నది.

మీరు జ్ఞాపకముంచుకొన్న రెండు సమస్యలను ఇప్పుడు పోల్చవచ్చును. దిలారాము సమస్యలో తెల్లవారి ప్రతి ఎత్తును రాజుపై దాడియే. నల్లవారికి దారులు మిక్కిలి తక్కువ. ఏనుగులను బలి యిచ్చుట మనుష్యుని కన్నుకు ఆశ్చర్యకరమైనను, దాడులను ముందు వెదకు ప్రోగ్రామునకు అది రాచబాట. భారతీయ సమస్య యట్లు కాదు. అందు తెల్ల శకటు మొదట దూరపు గడికి పోవును. పిమ్మట దాని దారిలో తన ఏనుగే వచ్చి అడ్డు నిలుచును. అడ్డు నిలుచుటచేత, కదల వీలులేకుండ బిగిసియున్న నల్లరాజున కొక గడి లభించును. అతడందు అడుగు పెట్టగానే ఏనుగు తొలగును. వెనుక పొంచియున్న శకటు దారి తెఱచుకొని ఆటకట్టును. తన శకటును తానే కప్పివేయుట మొదటి చూపునకు అవివేకముగా తోచును. నాలుగెత్తులే కావున నేటి కంప్యూటరునకు ఇది కనురెప్పపాటు పని. ఇదే తీరు పది, పండ్రెండెత్తులకు సాగినప్పుడు బలమైన ప్రోగ్రాములు కూడ గంటలకొలది తడవుకొనుట కలదు.

కావున ఎత్తుల సంఖ్యయే కాఠిన్యమునకు కొలత కాదు. విద్యుత్తును మన యిండ్లకు చేర్చు ట్రాన్స్‌ఫార్మరును 1885లో కనిపెట్టిన ముగ్గురిలో ఒకడగు హంగరీ శిల్పజ్ఞుడు ఓట్టో బ్లాతి రెండు వందలకు మించిన ఎత్తుల సమస్యలను కల్పించెను. అంత దీర్ఘమైనను, నల్లవారికి అడుగడుగున ఒక్కటే దారి యున్న సమస్య యంత్రమునకు ఇరుకు సందులో నడకవంటిది. నల్లవారికి ఇరువది దారులుండి, తెల్లవారి మొదటి ఎత్తు నిశ్శబ్దముగా నుండు ఆఱెత్తుల సమస్య నడిసంతలో తప్పిపోయిన లేగను వెదకుటవంటిది. ఈ సంగతి తెలిసియే కొందఱు సమస్యాప్రోగ్రాముల రచయితలు, ఎదిరికి తక్కువ దారులు మిగులు వైపును ముందు వెదకు పద్ధతిని పెంపొందించిరి. తప్పించుకొన్న కోడెను పట్టువారు వాకిళ్ళు తక్కువగల వీథివైపు తరుముట మీరెఱుగుదురు గదా, అదే నీతి.

ఇక పరీక్ష జరుపు విధము. బడిలో పరీక్షలు జరిపినవారికి ఇందలి మెలకువలు సుపరిచితములే.

మొదటిది, అందఱకును ఒకే యంత్రము, ఒకే జ్ఞాపకశక్తి పరిమాణము ఉండవలెను. కొత్త యంత్రముపై నడచిన ప్రోగ్రామును పాతయంత్రముపై నడచినదానితో పోల్చుట, గుఱ్ఱపు స్వారిని కాలినడకతో పోల్చుటయే. యంత్రభేదమును తొలగించుటకై కొందఱు కాలమును కొలువక, ఎన్ని స్థితులను చూచి సమాధానము కనుగొన్నదో లెక్కింతురు. కాని స్థితి యని దేనిని లెక్కింపవలెనో ప్రతి ప్రోగ్రామును తనకు తోచినట్లు నిర్ణయించుకొనును. కావున ఈ కొలత ఒకే ప్రోగ్రాము యొక్క పాత, కొత్త రూపములను పోల్చుటకు తగినంతగా, భిన్నప్రోగ్రాములను పోల్చుటకు తగదు.

రెండవది, ప్రతి సమస్యకు ముందు పలక తుడువవలెను. ప్రోగ్రాములు తాము చూచిన స్థితులను జ్ఞాపకమున దాచుకొనును. ఒకమాఱు విప్పిన సమస్యనే మరల యిచ్చినచో క్షణములో ఉత్తరము చెప్పును. అది విద్య కాదు. నిన్నటి ప్రశ్నపత్రమును బట్టీపట్టుట.

మూడవది, ఒక్కమాఱు చూచి తీర్పు చెప్పరాదు. నేటి కంప్యూటరులలో పలు గణనాంగములు ఏకకాలమున పనిచేయును. వానిలో ఏది ముందు, ఏది వెనుక అనునది ప్రతిమాఱును ఒకే తీరున నుండదు. అందుచేత అదే ప్రోగ్రాము అదే సమస్యను ఒకమాఱు పది సెకనులలోను, మఱియొకమాఱు నిమిషములోను విప్పవచ్చును. పలుమాఱులు నడిపి చూడవలెను, లేదా ఒక్క గణనాంగముతోనే నడుపవలెను.

నాలుగవది, సగటు చూచి మోసపోరాదు. నూరు సమస్యలలో తొంబదితొమ్మిది ఒక్కొక్క సెకనులో తీరి, ఒక్కటి గంట పట్టినచో, సగటు 37 సెకనులగును. ఆ సగటు ఏ ఒక్క సమస్యకును సరిపోదు. ఇక ఎన్నటికిని తీరని సమస్యకు ఎంత కాలము వేయుదురు? కావున సగటు విడిచి, ఒక సెకనులోపల ఎన్ని తీరినవి, ఒక నిమిషములోపల ఎన్ని, ఒక గంటలోపల ఎన్ని యని పట్టిక వేయుట మేలు. ఆ పట్టికలో కొన్ని ప్రోగ్రాములు సులభములను శీఘ్రముగా తీర్చి కఠినముల దగ్గఱ నిలిచిపోవుటయు, కొన్ని నెమ్మదిగా బయలుదేఱి చివరకు ఎక్కువ దూరము పోవుటయు స్పష్టముగా కానవచ్చును.

ఐదవది, సమస్యల కూర్పు నిష్పక్షపాతముగా నుండవలెను. దాడులతో తీరు సమస్యలే ఇచ్చినచో ఒక జాతి ప్రోగ్రాము గెలుచును. నిశ్శబ్దపు ఎత్తులవే ఇచ్చినచో వేఱొకటి గెలుచును. స్టాక్‌ఫిష్ యొక్క ఆటకట్టు నేర్పును కాలక్రమమున కొలుచువారు 6,500కు పైబడిన సమస్యల జాబితాను వాడుచున్నారు. అంత పెద్ద జాబితాయందు ఒక తీరునకు మాత్రమే మొగ్గు చూపుట కష్టము.

ఆఱవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఏమి యడిగితిమో, ఏమి బదులు వచ్చినదో సరిచూడవలెను. “ఆటకట్టు కలదా?” అనునది ఒక ప్రశ్న. “నాలుగెత్తులలో కలదా, అంతకంటె తక్కువలో లేదా?” అనునది వేఱొక ప్రశ్న. “మొదటి ఎత్తు ఇదొక్కటేనా?” అనునది మూడవ ప్రశ్న. ఆట ఆడు ప్రోగ్రాము తొమ్మిదెత్తులలో ఆటకట్టు కనిపెట్టి తృప్తి చెందును. గెలుపు కావలసినవానికి నాలుగైననేమి, తొమ్మిదియైననేమి? కాని నాలుగెత్తులని యడిగిన సమస్యకు తొమ్మిది ఉత్తరము కాదు. అది చెప్పిన తొమ్మిదెత్తుల ఆటకట్టు సాధారణముగా నిజమే. అంతకంటె దగ్గఱి దారి లేదనుటకు మాత్రము అది పూచీపడదు. అందుచేత వివేకవంతులగు పరీక్షకులు రెండు లెక్కలు వేఱువేఱుగా వ్రాయుదురు: ఏదో యొక ఆటకట్టు దొరికిన సమస్యలెన్ని, అతిస్వల్పమైన ఆటకట్టు దొరికినవెన్ని. మొదటి లెక్కలో పై స్థానమున నున్నది రెండవ లెక్కలో క్రిందికి జాఱవచ్చును.

మూడవ ప్రశ్న ఇంకను బరువైనది. మొదటి ఎత్తు ఒక్కటే యని చెప్పవలెనన్నచో, తక్కిన ప్రతి ఎత్తును విఫలమని చూపవలెను. మన చిన్న ఉదాహరణములో ఆ 20 ఎత్తులను ఒక్కొక్కటిగా కొట్టివేయవలెను. ఈ శ్రమ యంతయు చేసిన సమస్యాప్రోగ్రామును, మొదటి దారి దొరకగానే చేయి దులుపుకొనిన ఆటప్రోగ్రామును గడియారము ముందు నిలిపి, రెండవదియే వేగవంతమైనదనుట న్యాయము కాదు. ఒకడు లెక్కకు ఉత్తరము మాత్రము వ్రాసెను. మఱియొకడు చేసిన విధమంతయు చూపెను. ఉపాధ్యాయుడు ముందు పలక ఇచ్చినవానికే మార్కులు వేయడు గదా.

ఈ ప్రోగ్రాములు మనుష్యులనుకూడ పరీక్షించినవి. పూర్వులు నాలుగెత్తులని ప్రకటించిన సమస్యలలో కొన్నింటికి మూడెత్తులలోనే దారి కలదనియు, కొన్నింటికి రెండవ పరిష్కారము కలదనియు యంత్రములు బయటపెట్టినవి. పావులు మిక్కిలి తక్కువైన స్థితులలో వెదకుటయే అవసరము లేకపోయెను. ఆటకట్టు జరిగిన స్థితినుండి బయలుదేఱి, దానికి ముందేమి, దానికి ముందేమి యని వెనుకకు నడచుచు, ప్రతి స్థితికిని తీర్పు వ్రాసి పెట్టిరి. 2012లో మాస్కో విశ్వవిద్యాలయమున రాజులతో గూడ ఏడు పావుల స్థితులకు ఈ పట్టిక పూర్తియయ్యెను. దానివలన ఎదిరి ఎంత బాగుగ ఆడినను 549 ఎత్తులకు ఆటకట్టు జరుగు స్థితి యొకటి కలదని తేలెను. దానిని విప్పుటకు ఇప్పుడు కాలమే పట్టదు, పట్టికలో చూచుటయే. కాని పట్టికను వాడు ప్రోగ్రామును, వాడని ప్రోగ్రామును ఒకే పందెమున నిలుపుట మరల అన్యాయమే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వీనినన్నిటిని చూచినచో తేలిన సారమిది. వేగము కొలుచుటకు ముందు సత్యమును కొలువవలెను. ఉత్తరము ఎంత త్వరగా వచ్చినదని యడుగుటకు ముందు, ఇది నేనడిగిన ప్రశ్నకే ఉత్తరమా, దొరికినదా నిరూపింపబడినదా యని యడుగవలెను. బలముగా ఆడుటయు, పూర్తిగా నిరూపించుటయు ఒకే గుణము కాదు. చూడక విడిచిన దారులవలన కలిగిన వేగమునకు, ఆ విడిచిన దారులలోనే ప్రమాదము గూడ పొంచియుండును.

ఇది చదరంగమునకు మాత్రమే పరిమితమైన మాట కాదు. నేడు కంప్యూటరులు భూముల లెక్కలను, బ్యాంకు అప్పులను, వానల సూచనలను మన ముందుంచుచున్నవి. వాని వేగము చూచి మన బిడ్డలు నోరుమూసికొని తలయూపుచున్నారు. చదరంగపు బల్లపై ప్రశ్న స్పష్టము, నియమము స్పష్టము, ఉత్తరమును సరిచూచుట సాధ్యము. అట్టి చోటనే పరీక్షకులు ఇన్ని జాగ్రత్తలు తీసికొనుచుండగా, ప్రశ్నయే స్పష్టముకాని లోకవ్యవహారమున మనమెంత మెలకువతో నుండవలెనో పెద్దలు ఆలోచింపుడు.

మీ యింట నుండు మనుమని చేతిలోని టెలిఫోనులో చదరంగపు ప్రోగ్రాము ఉండవచ్చును. పైన చెప్పిన రాజు, ఏనుగుల స్థితిని దానిలో పెట్టింపుడు. అది క్షణములో తెల్లరాజు అడుగును చూపును. మెచ్చుకొనుడు. పిమ్మట బాలుని పిలిచి, “తక్కిన ఇరువది ఎత్తులు ఏల పనికిరావో బల్లమీద ఒక్కొక్కటిగా నాకు చూపుము” అనుడు. యంత్రము చేసిన పని యెట్టిదో అప్పుడు వానికి తెలియును.